మెటికలు

రుఫిస్క్ ఆసుపత్రిలో రాత్రి రెండు.
కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది.
దిబోర్ ఫాయ్ ముంజేతికి చుట్టుకొచ్చిన తువ్వాలు
నా బల్లంతా చేపల వాసన చేసింది.
పొలుసులు గీకే కత్తి జారిందట.
పెద్ద దెబ్బేం కాదు, బొటనవేలంత.
ఆరు కుట్లతో అయిపోవాలి.

మొదటి కుట్టుకి దారం లాగగానే
చర్మం విడిపోయింది,
నానిన కాగితంలా, చప్పుడు లేకుండా.
రెండోదీ అంతే.

మా అమ్మ బట్టలు కుట్టేది.
చివికిన గుడ్డ చేతికొస్తే
సూది పక్కన పెట్టి
తెచ్చినవాళ్ళ మొహం చూసేది.
నేనూ చూశాను.

పొట్టు తీసిన వేరుశనగ పలుకు రంగు మొహం.
మెడ దగ్గర వేరే రంగు, మోచేతి దగ్గర వేరే.
మెటికలు మాత్రం నల్లగా, పదికి పదీ,
ఎంత బతిమాలినా మాట మార్చని సాక్షులు.

"ఏం రాస్తావు?"
"ఏమీ లేదు. సబ్బే."
టార్చి ఆమె చేతి మీదే ఉంచాను.
"సంతలో ఒకామె తొట్టిలో కలిపి గరిటెతో పోస్తుంది.
డబ్బా మనమే పట్టుకెళ్ళాలి."

ఆ తొట్టి నాకు తెలుసు.
హైడ్రోక్వినోన్, కొలత లేకుండా.
తామరకి రెండు వారాలు రాసి ఆపమనే స్టెరాయిడ్.
దిబోర్‌కి ఏడేళ్ళు.

టేపు ముక్కలు కత్తిరిస్తూ చెప్పాను,
అడక్కపోయినా చెప్పాను:
పై పొర అడుగున కొన్ని కణాలుంటాయి దిబోర్,
నీ వలలో పడే ఆక్టోపస్ పిల్లల్లా, కాళ్ళు చాపుకుని.
నీకెన్నో, నిన్న ఓడ దిగిన తెల్లామెకీ
ఇంచుమించు అన్నే.
తేడా అంతా అవి పంచే గింజల్లో ఉంది.
ఒక్కోటీ ముప్పై ఇళ్ళకి పైగా పంచుతుంది,
అందుకున్న ఇల్లల్లా ఆ గింజల్ని
తన కేంద్రకం నెత్తిన, ఎండ తగిలే వైపు,
గొడుగులా పేర్చుకుంటుంది.
ఆ రంగు ఉడికే పొయ్యిలో రవ్వంత రాగి.
నువ్వు రాసేది ఆ పొయ్యి నోరు నొక్కుతుంది.

"గొడుగెందుకు నాకు?" అంది.
"నాలుగింటికి పడవల దగ్గరుంటాను.
ఎండెక్కేసరికి నా గంప ఖాళీ."
కాసేపాగి,
"పోయినేడు మా ఆడపడుచు బిడ్డ బారసాలలో
ఫోటో తీసేటప్పుడు
నన్ను వెనక వరసలోకి జరగమన్నారు.
ఈ ఏడు ముందు నిలబడ్డాను.
నీ ఆక్టోపస్‌లు ఆ పని చేసిపెట్టలేదు కదా."

నా దగ్గర జవాబు లేదు. టేపు ఉంది.

అప్పుడే కరెంటొచ్చింది.
నా పౌడరు చెమటకి కారిపోయి ఉంటుంది.
గాయం లేని చేత్తో నా గడ్డం పట్టుకుని
దీపం వైపు తిప్పింది,
చేప తాజాదో కాదో చూసినట్టు.
"నోగాయ్, కణతల మీద ఈ నీలమేంటి?"

నాలుగేళ్ళు, అన్నాను.
నర్సింగు చదివేటప్పుడు.
తెల్లబడదామని రాసుకున్నదే
లోపలి పొరలోకి దిగి, నీలిబూడిద గింజ కట్టింది.
లేజరు పెట్టారు. కొంచెం పోయింది.
కొంచెమే.

నవ్వింది. గాయం కదిలేంత నవ్వింది.
నేనూ నవ్వాను, నర్సుని కానట్టు.

"మానేస్తే పాత రంగొస్తుందా?"
"వస్తుంది. ముక్కలు ముక్కలుగా.
కొన్ని చోట్ల రాదు.
ఒక్కసారి మానకు, మంటెత్తుతుంది.
వారం పోయాక డాక్టరున్నప్పుడు రా,
ఎలా తగ్గించాలో ఆయన రాసిస్తాడు."
ఊఁ అంది.
ఆ ఊఁ నేనూ ఒకప్పుడు అన్నదే.

గాయం మూతి దగ్గరికి చేర్చి
ఏడు టేపులు అంటించాను, ఊపిరి బిగబట్టి.
బయట సముద్రం మీద మోటారు పడవల శబ్దం.
"వచ్చేస్తున్నారు" అని లేచింది.
గుమ్మం దగ్గర, అలవాటుగా,
మెటికలు విరుచుకుంది.
కరెంటు మళ్ళీ పోయింది.
చీకట్లో లెక్కపెట్టాను.
తొమ్మిదే వినిపించాయి.